ఓపెన్ సోర్స్‌లో కొరత కోడ్‌కి కాదు

"నాకు ప్రోగ్రామింగ్ రాదు, అయినా ఓపెన్ సోర్స్‌కి, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్‌కి, ఏమైనా చేయొచ్చా?" అని ఎవరైనా అడిగితే దాదాపు ప్రతిసారీ ఒకే జవాబు వస్తుంది. అనువాదం చేయండి, డాక్యుమెంటేషన్‌లో అచ్చుతప్పులు దిద్దండి, నలుగురికీ చెప్పండి. చెప్పేవాళ్ల మనసు మంచిదే. కానీ ఆ జవాబు వెనక ఒక అభిప్రాయం ఉంటుంది. అసలు పని కోడ్ రాయడమే, అది రానివాళ్లు నిరాశపడకుండా ఇవి కొన్ని పక్కన పెట్టాం అన్నట్టు. నాకు పేచీ ఈ అభిప్రాయంతోనే. నేను కోడ్ రాయను. ఉద్యోగంలో రోజంతా డాక్యుమెంట్లూ స్ప్రెడ్‌షీట్లతో గడుపుతాను, ఆ అలవాటుతోనే లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కి వచ్చే బగ్ రిపోర్టులు (లోపాల ఫిర్యాదులు) పరిశీలించడం మొదలుపెట్టి ఏళ్లుగా చేస్తున్నాను. అక్కడి నుంచి చూస్తే నాకు కనిపించేది ఇది: చాలా ప్రాజెక్టుల్లో నిజంగా కరువైనది ఆ కోడ్‌ని చూసుకునే మనుషుల సమయం. వాళ్లకి ఒక గంట మిగిల్చినవాళ్లు ఆ ప్రాజెక్టుకి నిఖార్సైన పని చేసినట్టే, ఆ గంట మిగల్చడానికి ప్రోగ్రామింగ్ రావాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు.

లైనక్స్ కెర్నల్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) లాంటి పెద్ద ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమందికి ఏదో ఒక కంపెనీ జీతం ఇస్తుంది. అది చూసి ఓపెన్ సోర్స్ అంతా అలాగే నడుస్తుందనుకుంటాం. కానీ ప్రపంచమంతా వాడుతున్న లైబ్రరీలు (వేరే సాఫ్ట్‌వేర్లు వాడుకునే కోడ్ భాగాలు) ఎన్నో ఒకరిద్దరి చేతుల మీద, సాయంత్రాలూ సెలవు రోజుల్లో నడుస్తున్నాయి. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు చాలామందికి మొదటిసారి ఈ సంగతి తెలిసింది. ఇంటర్నెట్‌లో సురక్షిత కనెక్షన్లలో పెద్ద భాగం ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ మీద ఆధారపడి ఉంటే, దాని ఫౌండేషన్‌కి విరాళాలుగా వచ్చేది ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. ఆ లోపం 2012లో విడుదలైన వెర్షన్ నుంచీ అందులో ఉంది. కోడ్ అందరికీ కనిపిస్తూనే ఉంది, కూర్చుని చూసే తీరిక ఉన్నవాళ్లే లేరు.

దీనికంటే నన్ను ఎక్కువ కదిలించింది ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే సాఫ్ట్‌వేర్ వ్యవహారం. 2024 మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్, దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి మామూలుకంటే అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని తవ్వుకుంటూ వెళ్లి, ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో కావాలని పెట్టిన దొంగదారిని బయటపెట్టాడు. అందరూ ఆయన నైపుణ్యాన్ని మెచ్చుకున్నారు, న్యాయమే. నేను మాత్రం 2022లో ఆ ప్రాజెక్టులో జరిగిన సంభాషణలు చదివాను. దాన్ని ఒంటరిగా నడుపుతున్న మనిషి మీద, ఎవరో తెలియని ఖాతాలు వరుసగా ఒత్తిడి తెచ్చాయి. పని నెమ్మదిగా సాగుతోంది, వేరేవాళ్లకి అప్పగించు, నీకు ఆసక్తి పోయినట్టుంది అన్న ధోరణిలో. ఆయన తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది జీతం లేకుండా చేస్తున్న పని అనీ చెప్పుకోవాల్సి వచ్చింది. సహాయం చేస్తానంటూ అప్పటికే చేరువైన ఒక ఖాతాకి తర్వాత అధికారం దక్కింది, దొంగదారి పెట్టింది ఆ ఖాతానే. ఆ రోజు ఆ సంభాషణలోకి వచ్చి "ఇలా మాట్లాడకండి, ఆయనకి వీలైనప్పుడు చేస్తాడు, మీకు అంత తొందరైతే మీవంతు ఏం చేస్తారో చెప్పండి" అని రాయడానికి సీ ప్రోగ్రామింగ్ భాష రానక్కర్లేదు. ఒక మనిషి పక్కన నిలబడటం తెలిస్తే చాలు. కమ్యూనిటీలో మర్యాద కాపాడటాన్ని మెత్తటి పనిగా చూసేవాళ్లకి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చెప్తాను. సాఫ్ట్‌వేర్ భద్రత అంటే కోడ్ తనిఖీ ఒక్కటే అనుకుంటే అందులో సగం వదిలేసినట్టే.

సరే, మెయింటెయినర్ల, అంటే ప్రాజెక్టుని చూసుకునేవాళ్ల, సమయం దేనికి పోతుంది? కొత్త ఫీచర్లు రాయడానికి అనుకుంటాం. ఏదైనా ప్రాజెక్టు ఇష్యూల పేజీ (వాడేవాళ్లు సమస్యలు రాసే చోటు) తెరిచి ఒక అరగంట వరుసగా చదవండి, తెలిసిపోతుంది. "ప్రింట్ సరిగా రావట్లేదు, వెంటనే సరిచేయండి" అని ఒక రిపోర్ట్. ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ ఫైలు, ఏం నొక్కితే ఏం వచ్చింది, ఏదీ ఉండదు. దాని కింద ఇంకొకరు "నాకూ ఇంతే" అని రాస్తారు, తీరా చూస్తే వాళ్లది పూర్తిగా వేరే సమస్య. ఆ కిందది ఎప్పుడో సరిచేసిన బగ్, రాసినవాళ్ల దగ్గర పాత వెర్షన్ ఉంది. ఆ తర్వాతది అసలు బగ్గే కాదు, సెట్టింగుల్లో ఒకటి మారిస్తే పోతుంది. ఇవన్నీ చదివి, ఓపిగ్గా అడిగి, వేరుచేసి, కలపాల్సినవి కలిపి, మూయాల్సినవి మూసేసరికి ఆ డెవలపర్ సాయంత్రం అయిపోతుంది. ఆ రోజు ఒక్క లైను కూడా రాసి ఉండడు. ఈ పనినే ట్రయాజ్ అంటారు. నా దృష్టిలో కోడ్ రానివాళ్లు చేయగల పనుల్లో దీనికి మించింది లేదు, అందుకే దీని గురించి కాస్త ఎక్కువసేపు చెప్తాను.

లిబ్రేఆఫీస్‌లో ఎవరైనా కొత్త బగ్ పెడితే అది ముందు 'నిర్ధారణ కాలేదు' అనే స్థితిలో ఉంటుంది. పెట్టినవాళ్లు కాకుండా ఇంకొకరు తమ కంప్యూటర్‌లో దాన్ని రీప్రొడ్యూస్ చేసి (అదే సమస్యని మళ్లీ రప్పించి), అవును నిజమే అని చెప్పాకే తర్వాతి స్థితికి వెళ్తుంది. ఆ ఇంకొకరు ఎవరైనా కావచ్చు. ప్రోగ్రామర్ అయి ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. రిపోర్ట్ చదవడం, అందులో చెప్పిన ఫైలు తెరవడం, చెప్పిన వరుసలో నొక్కడం, చెప్పినట్టే అవుతుందో లేదో చూడటం. అయితే "నా దగ్గర కూడా ఇదే జరిగింది" అని రాసి మీ వెర్షన్, మీ ఆపరేటింగ్ సిస్టమ్ వివరాలు పెట్టడం. కాకపోతే అది కూడా రాయడం, ఎందుకంటే ఎక్కడ జరగట్లేదో తెలియడం కూడా డెవలపర్‌కి ఒక ఆధారమే. సేఫ్ మోడ్ అని ఒకటుంది, దానిలో తెరిస్తే వాడేవాళ్ల సెట్టింగులూ ఎక్స్‌టెన్షన్లూ పక్కకి పోతాయి. అందులో సమస్య మాయమైందంటే తప్పు వాళ్ల ప్రొఫైల్‌లో ఉన్నట్టు. ఈ ఒక్క ప్రశ్న అడగడం వల్లే ఎన్ని రిపోర్టులు డెవలపర్ దాకా వెళ్లకుండా తేలిపోతాయో.

ఇంకో మెట్టు పైకి వెళ్తే, సమస్య ఎప్పుడు మొదలైందో కనుక్కోవచ్చు. పాత వెర్షన్లన్నీ డౌన్‌లోడ్‌కి దొరుకుతాయి. ఒకదాని తర్వాత ఒకటి ఇన్‌స్టాల్ చేసుకుని, ఇక్కడిదాకా బాగుంది, ఇక్కడి నుంచి పాడైంది అని చెప్పగలిగితే అది డెవలపర్‌కి చాలా విలువైన సమాచారం. వేల మార్పుల్లో ఏ కొన్నింటిలో వెతకాలో మీరు చెప్పేసినట్టు. ఓపిక ఉంటే బైబిసెక్ట్ అనే పద్ధతి నేర్చుకుని, ముందే కంపైల్ చేసి పెట్టిన బిల్డులతో (వెంటనే నడపగలిగే వెర్షన్లతో) ఏ మార్పు వల్ల పాడైందో ఆ ఒక్కదాని దాకా వెళ్లొచ్చు. దానికి కొన్ని కమాండ్లు టైప్ చేయాలి, కానీ ప్రోగ్రామ్ రాయనక్కర్లేదు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, ఫైలును చిన్నది చేయడం. ఒక రిపోర్ట్ గుర్తుంది. పీడీఎఫ్‌గా మారిస్తే పట్టికలో గీతలు పోతున్నాయని ఎవరో రాశారు, జతచేసిన ఫైలు చాలా పెద్దది, నిండా చిత్రాలు, పట్టికలు, ఫుట్‌నోట్లు. ఒక్కో పేజీ తీసేస్తూ, ప్రతిసారీ పీడీఎఫ్ చేసి చూస్తూ పోతే చివరికి రెండు గడులు కలిపిన ఒక చిన్న పట్టిక మిగిలింది. ఆ కలిపిన గడి సరిగ్గా పేజీ మారే చోట పడితేనే గీత పోతోంది. ఆ చిన్న ఫైలు జతచేసి, ఇదీ పరిస్థితి అని రాశాను. డెవలపర్ ఇచ్చిన జవాబు రెండే లైన్లు, ఒకటి ధన్యవాదాలు, రెండోది సరిచేసిన మార్పుకి లింకు. ఆ పెద్ద ఫైలు అలాగే ఉండి ఉంటే ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదని నాకు గట్టి నమ్మకం. (ఇక్కడ ఒక హెచ్చరిక కూడా. బగ్ రిపోర్టుకి జతచేసే ఫైళ్లు ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. జనం తొందరలో జీతాల పట్టికలూ ఫోన్ నంబర్లూ ఉన్న ఫైళ్లు పెట్టేస్తుంటారు. అలాంటిది కనిపిస్తే వెంటనే నిర్వాహకులకి చెప్పి తీయించండి, పేర్ల స్థానంలో ఏవో అక్షరాలు పెట్టిన నకలు అడగండి. ఇది కూడా ట్రయాజ్‌లో భాగమే.)

ఇలాంటి పనులు త్వరలో ఏఐ చేసేస్తుంది కదా అని ఈ మధ్య చాలామంది అంటున్నారు. ఇప్పటిదాకా జరిగింది చూస్తే నాకు అలా అనిపించట్లేదు. ఇంటర్నెట్‌లో డేటా పంపడానికీ తెచ్చుకోవడానికీ వాడే కర్ల్ ప్రాజెక్టును నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ 2024 మొదట్లోనే దీని గురించి బహిరంగంగా రాశాడు. ఏఐ చేత రాయించిన భద్రతా రిపోర్టులు పొడవుగా, పొందికగా, నమ్మేలా ఉంటాయి, తీరా చూస్తే అందులో చెప్పిన లోపమే ఉండదు. అది లేదని తేల్చడానికి మాత్రం మనిషి గంటలు ఖర్చుపెట్టాలి. అంటే రిపోర్ట్ తయారుచేయడం ఎంత తేలికైపోతే, దాన్ని నిజంగా ప్రయత్నించి చూసి "ఇది జరుగుతోంది" అని చెప్పే మనిషి అంత ఎక్కువ కావాలి. మీ కంప్యూటర్ ముందు మీరు కూర్చుని చూసి రాసిన మూడు వాక్యాలకి విలువ పెరుగుతోందే తప్ప తగ్గట్లేదు.

వాడేవాళ్ల ప్రశ్నలకి జవాబులు చెప్పడం కూడా ఇలాంటిదే. ఫైర్‌ఫాక్స్‌లో బుక్‌మార్కులు పోయాయి, థండర్‌బర్డ్‌లో మెయిల్ రావట్లేదు అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. జవాబు చెప్పేవాళ్లలో చాలామంది నిన్నమొన్నటిదాకా అదే ప్రశ్న అడిగినవాళ్లు. దీనిలో ఒక ఒడుపు ఉంది. ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోందంటే తప్పు అడిగేవాళ్లది కాదు, సాఫ్ట్‌వేర్‌దో సహాయ పేజీదో. ఆ ప్రశ్న ఎన్నిసార్లు ఏ మాటల్లో వచ్చిందో పోగుచేసి, ఇదిగో ఇక్కడ జనం తికమక పడుతున్నారు అని డెవలపర్లకి చూపించగలిగితే, మీరు జవాబు చెప్పిన ఒక్కరికే కాకుండా ఇక మీదట అడగబోయేవాళ్లందరికీ సాయం చేసినట్టు. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినప్పుడు దాన్ని చూసుకునే వాలంటీర్లు నిద్రలేకుండా సరిచేస్తూంటే, ఇంకోపక్క జనం వాళ్లని తిట్టారు. అలాంటి రోజుల్లో ముందు నిలబడి ప్రశ్నలు అందుకుని, తెలిసినవాటికి జవాబిచ్చి, తిట్లను అక్కడే ఆపేసేవాళ్లు ఎంత అవసరమో వేరే చెప్పాలా?

డాక్యుమెంటేషన్ సంగతికొస్తే, ప్రాజెక్టుల కోడ్ ఉంచే సైటు గిట్‌హబ్ 2017లో జరిపిన ఓపెన్ సోర్స్ సర్వేలో 93 శాతం మంది అసంపూర్ణమైన, పాతబడిన డాక్యుమెంటేషన్‌ని సమస్యగా చూశామన్నారు. అదే సర్వేలో కాంట్రిబ్యూటర్లలో 60 శాతం మంది డాక్యుమెంటేషన్ జోలికి అరుదుగా వెళ్తామనో అసలు వెళ్లమనో చెప్పారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు బాధగానే ఉంటుంది. అందరికీ తెలిసిన లోటు, ఎవరూ పూడ్చని లోటు. కారణం బద్ధకం అనుకోను. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకి దాన్ని మొదటిసారి చూసే కళ్లు ఉండవు. ఇన్‌స్టాల్ చేసే పేజీలో మూడో మెట్టుకీ నాలుగో మెట్టుకీ మధ్య ఒకటి రాయడం మర్చిపోయారని వాళ్లకి కనపడదు, ఎందుకంటే ఆ మెట్టు వాళ్ల చేతులు వాటంతట అవే చేసేస్తాయి. కనపడేది కొత్తవాళ్లకే, అదీ మొదటి రోజుల్లోనే. అలవాటైపోయాక మీకూ కనపడదు. అందుకని ఏదైనా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కొత్తగా మొదలుపెట్టినప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకుని ఎక్కడెక్కడ ఆగిపోయారో, ఏ మాట అర్థంకాలేదో, ఏ బటన్ కోసం వెతికారో అప్పటికప్పుడు రాసుకోండి. వారం తర్వాత ఆ కాగితాన్ని శుభ్రంగా రాసి ప్రాజెక్టుకి ఇవ్వండి. ఆ అనుభవం నిపుణులు కావాలన్నా తిరిగి తెచ్చుకోలేరు.

అచ్చుతప్పులు దిద్దమన్న సలహా మీద నాకు కోపం ఎందుకో ఇక్కడే చెప్పాలి. 2020 అక్టోబర్‌లో ఓపెన్ సోర్స్‌లో పాల్గొనమని ప్రోత్సహించే హాక్టోబర్‌ఫెస్ట్ జరిగినప్పుడు నాలుగు పుల్ రిక్వెస్టులు (మార్పుల ప్రతిపాదనలు) పెడితే టీషర్ట్ ఇచ్చేవాళ్లు. దాంతో వేలమంది ప్రాజెక్టుల మీద పడి, ఏదో ఒక పేజీలో ఒక పదం చేర్చి, ఒక కామా మార్చి పంపేశారు. వాటిని ఒక్కొక్కటీ తెరిచి మూయలేక మెయింటెయినర్లు గగ్గోలు పెట్టారు. చివరికి నిర్వాహకులు అక్టోబర్ మొదటి రోజుల్లోనే నియమాలు మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టుల్లో చేసినవే లెక్కకి వస్తాయని ప్రకటించాల్సి వచ్చింది. ఆ వచ్చినవాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కాదు. "చిన్న తప్పు దిద్దితే చాలు, నువ్వూ కాంట్రిబ్యూటర్‌వే" అని వాళ్లకి ఎవరో చెప్పారు, వాళ్లు నమ్మారు. ప్రాజెక్టుకి ఏం కావాలి అన్న ప్రశ్న లేకుండా నాకేం దొరుకుతుంది అన్న ప్రశ్నతో మొదలుపెడితే జరిగేది ఇదే. నిజంగా చదివేవాళ్లని తప్పుదారి పట్టించే తప్పు కనిపిస్తే తప్పకుండా దిద్దండి. తప్పు కోసం వెతుక్కుంటూ మాత్రం వెళ్లకండి.

వాడి చూపించడం అనే పని కూడా ఉంది, దీన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టరు. 2001లో సన్ మైక్రోసిస్టమ్స్ లైనక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌ను మామూలు జనం చేత వాడించి, వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో రాసుకుని ఒక నివేదిక బయటపెట్టింది. తయారుచేసినవాళ్లకి పట్టపగల్లా కనిపించే మెనూలు, పేర్లు, సెట్టింగులు వాడేవాళ్లకి అర్థం కాలేదు. గ్నోమ్‌కి డిజైన్ మార్గదర్శకాలు ఏర్పడటానికీ, 2002లో వచ్చిన గ్నోమ్ 2.0 అంత సాదాగా మారడానికీ ఆ నివేదిక దోహదం చేసింది. ఆ పరీక్షలో కూర్చుని మౌస్ కదిపినవాళ్లు ఒక్క లైను కోడ్ రాయలేదు.

తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌ని 2006లో మొదలుపెట్టిన మైకేల్ కరన్‌కి చూపు లేదు, తర్వాత ఆయనతో కలిసిన జేమ్స్ టే కూడా చూపు లేనివాడే. వాళ్లు ప్రోగ్రామర్లు, నిజమే. కానీ స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ వాడే ప్రతి ఒక్కరి దగ్గరా, చూపున్న డెవలపర్‌కి ఎంత చదివినా రాని ఒక తెలివిడి ఉంటుంది. ఏ బటన్ దగ్గరికి వెళ్తే పేరు చెప్పకుండా 'బటన్' అని మాత్రమే వినపడుతోంది, ఏ పెట్టె తెరిస్తే మళ్లీ బయటికి రావడానికి దారి లేదు, ఏ హెచ్చరిక తెర మీద కనిపించి వినపడకుండానే పోతోంది, ఇవి ఆటోమేటిక్ పరీక్షలకి అన్నీ దొరకవు. లిపుల విషయమూ అంతే. తెలుగు, అరబ్బీ, థాయ్ లాంటి లిపుల్లో అక్షరాలు తప్పుగా పడుతుంటే ఆ భాష చదవలేని డెవలపర్‌కి అది బొమ్మలాగే కనిపిస్తుంది, తప్పో ఒప్పో తెలియదు. ఆ లిపి చదవగలిగినవాళ్లు రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి, ఇలా రావాలి, ఇలా వస్తోంది అని చూపిస్తే చాలు.

బొమ్మలు వేసేవాళ్లకి ఈ రంగంలో చోటు ఎప్పటినుంచో ఉంది. లైనక్స్ గుర్తు అయిన పెంగ్విన్‌ని 1996లో లారీ ఎవింగ్ జింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో గీశాడు. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు దాని పరిచయ తెర కోసం వాడేవాళ్ల మధ్యే పోటీ పెడతారు. త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ కథ అయితే ఇంకా గొప్పది. దాన్ని నడుపుతున్న కంపెనీ మూతపడితే, 2002లో వాడేవాళ్లంతా కలిసి ఏడు వారాల్లో 1,00,000 యూరోలు పోగుచేసి దాని సోర్స్ కోడ్‌ని ఓపెన్ సోర్స్ చేయించారు. అందులో డబ్బు ఇచ్చినవాళ్లు ఎంతమంది యానిమేషన్ కళాకారులో, విద్యార్థులో, అభిమానులో ఆలోచించండి. వాళ్లు లేకపోతే ఇవాళ బ్లెండర్‌కి కోడ్ రాయడానికి కోడే ఉండేది కాదు. ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చిన 2004లో న్యూయార్క్ టైమ్స్‌లో రెండు పేజీల ప్రకటన వేయించింది కూడా వాడేవాళ్ల విరాళాలే, ఇచ్చినవాళ్ల పేర్లన్నీ అందులో అచ్చయ్యాయి. డబ్బు ఇవ్వడాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లని చూస్తే నాకు ఈ రెండూ గుర్తొస్తాయి.

లెక్కలు చూడటం, చట్టం తెలియడం, సమావేశాలు నడపడం గురించి క్లుప్తంగా చెప్తాను. ఒక ప్రాజెక్టుకి విరాళం రావాలంటే దాని తరఫున డబ్బు తీసుకునే సంస్థ ఉండాలి, జమాఖర్చులు రాయాలి, పన్ను లెక్కలు కట్టాలి. డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లాంటివాటి కోసం 1997లో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ ఇన్ ద పబ్లిక్ ఇంట్రెస్ట్ ఇలాంటి పనే చేస్తుంది. ఏటా ఒక దేశంలో జరిగే డెబియన్ సమావేశం డెబ్‌కాన్ఫ్‌కి గదులు, భోజనం, వీసా ఉత్తరాలు, ప్రయాణ సాయం అన్నీ ఎవరో కూర్చుని చూడాలి. మీ వృత్తి ఇదే అయితే, ఏ ప్రాజెక్టుకైనా మీరు కావాలి. వాళ్లకి అడగడం తెలియకపోవచ్చు, మీరే వెళ్లి చెప్పండి.

అనువాదం మంచి పనే, నేను దాన్ని తక్కువ చేయట్లేదు. వెబ్‌లేట్, పాంటూన్, ట్రాన్స్‌లేట్‌వికీ లాంటి చోట్ల ఇన్‌స్టాల్ చేసుకునే పని లేకుండా బ్రౌజర్‌లోనే చేయొచ్చు. కాకపోతే యంత్రం ఇచ్చిన దాన్ని తెచ్చి గుమ్మరించడం సాయం కాదు, తర్వాత వచ్చేవాళ్లకి రెట్టింపు పని. ప్రాజెక్టులు కూడా ఇది తెలుసుకోవాలి. 2025 చివర్లో, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సహాయ పేజీల జపనీస్ బృందాన్ని ఏళ్ల తరబడి నడిపిన వాలంటీరు, యంత్రానువాద బాట్ తమ వ్యాసాలను తమని అడగకుండా మార్చేసిందంటూ తప్పుకున్నారు. ఇలా ఎన్నో ఏళ్ల శ్రమని ఒక నిర్ణయంతో తుడిచేయడం డెవలపర్ల కోడ్ విషయంలో జరుగుతుందా? ఎవరైనా ఒక బాట్‌ని తెచ్చి, సమీక్ష లేకుండా మెయిన్ బ్రాంచిలో (ప్రాజెక్టు అసలు కోడ్‌లో) మార్పులు చేయనిస్తారా? చేయనివ్వరు. కోడేతర పనికి కూడా అదే గౌరవం కావాలని అడగడంలో అతి ఏముంది?

గుర్తింపు గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తికాదు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు కృతజ్ఞతల జాబితా చాలా ప్రాజెక్టుల్లో, కోడ్ మార్పులు నమోదుచేసే గిట్ నుంచి తీస్తారు. కమిట్ (నమోదైన మార్పు) ఉంటే పేరు ఉంటుంది, లేకపోతే లేదు. గిట్‌హబ్‌లో ప్రొఫైల్ మీద కనిపించే ఆకుపచ్చ గడుల్లో కమిట్లకి చోటుంది, ఇష్యూ కింద మీరు గంటసేపు పరీక్షించి రాసిన వ్యాఖ్యకి చోటు లేదు. లెక్కపెట్టని పనిని జనం చేయడం మానేస్తారు, అది మనిషి స్వభావం. డెబియన్ ఈ విషయంలో ముందే మేల్కొంది. 2010లో ఓటింగ్ పెట్టి, ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీలు తయారుచేయనివాళ్లని కూడా, అంటే అనువాదకులు, డాక్యుమెంటేషన్ రాసేవాళ్లు, కళాకారులు, నిర్వహణ చూసేవాళ్లని పూర్తి సభ్యులుగా తీసుకోవాలని తీర్మానించింది. ఓటు హక్కుతో సహా. లిబ్రేఆఫీస్ వెనక ఉన్న డాక్యుమెంట్ ఫౌండేషన్‌లో కూడా సభ్యత్వానికి కోడ్ ఒక్కటే కొలమానం కాదు. ఆల్ కాంట్రిబ్యూటర్స్ అనే పద్ధతి ఉంది, పరీక్షించినవాళ్లు, ప్రశ్నలకి జవాబిచ్చినవాళ్లు, డబ్బు తెచ్చినవాళ్లు అందరి పేర్లూ ప్రాజెక్టు ముఖపత్రం మీద చేర్చడానికి. మెయింటెయినర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కటే అడుగుతున్నాను. కొత్తవాళ్ల కోసం మీరు పెట్టే 'మొదటి ఇష్యూ' లేబుళ్లన్నీ కోడ్ రాసేవాళ్లకే. "ఇది విండోస్‌లో ఎవరైనా పరీక్షించండి", "ఈ పేజీ చదివి అర్థమైందో లేదో చెప్పండి", "ఈ పాత రిపోర్టులు ఇంకా నిజమేనా చూడండి" అనే లేబుళ్లు కూడా పెట్టండి. వచ్చేవాళ్లు వస్తారు.

నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇంకొకటి ఉంది, అది న్యాయమైన ప్రశ్న. కోట్లు సంపాదించే కంపెనీలు వాడుకునే సాఫ్ట్‌వేర్‌కి నేను ఉచితంగా ఎందుకు పనిచేయాలి? ఏ ప్రాజెక్టుకి చేయాలో మీరు ఎంచుకోవచ్చు, ఎంచుకోవాలి కూడా. ఒకే కంపెనీ చేతిలో ఉండి, ఆ కంపెనీకి జీతాలిచ్చి పరీక్షకులని పెట్టుకునే స్తోమత ఉన్న ఉత్పత్తికి నేను నా సెలవు రోజులు ఇవ్వను. ఫౌండేషన్ కింద, వాడేవాళ్లకి మాట ఉన్న ప్రాజెక్టుకి ఇస్తాను. ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ నేను రోజూ వాడతాను, అది బాగుంటే నా పని బాగుంటుంది, నాలాగే డబ్బు పెట్టి కొనలేని ఎంతోమంది పని కూడా జరుగుతుంది. నాకు ఆ కారణం చాలు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, మీరు ఇప్పటికే వాడుతున్నదాంట్లో. పేరున్న ప్రాజెక్టు అని, రెజ్యూమెలో బాగుంటుందని తెలియని సాఫ్ట్‌వేర్‌లోకి దూకితే అక్కడ మీకు తెలిసింది ఏమీ ఉండదు. పదేళ్లుగా స్ప్రెడ్‌షీట్లు వాడుతున్న అకౌంటెంట్‌కి స్ప్రెడ్‌షీట్ ఎలా ఉండాలో చాలామంది డెవలపర్ల కంటే బాగా తెలుసు. ఫోటోలు దిద్దేవాళ్లకి డార్క్‌టేబుల్ గురించి, పాఠాలు చెప్పేవాళ్లకి మూడుల్ గురించి అంతే. ముందు కొన్నాళ్లు చదవండి, ఎవరు ఎలా మాట్లాడుకుంటున్నారో, ఏ పని ఎవరూ పట్టించుకోకుండా ఉందో చూడండి. తర్వాత ఒక పాత రిపోర్ట్ తీసుకుని పరీక్షించి ఫలితం రాయండి. అనుమతి అడగాల్సిన పనిలేదు, "నేను సాయం చేయాలనుకుంటున్నాను, ఏం చేయమంటారు" అని అడిగితే ఆ జవాబు ఆలోచించడం కూడా వాళ్ల నెత్తిమీద ఇంకో పని అవుతుంది. మొదటి వారంలోనే పెద్ద పనులు మీద వేసుకోవద్దు. చేస్తానని పేరు పెట్టి మాయమైతే, మీరు చేస్తున్నారనుకుని ఇంకొకరు ముట్టుకోరు, ఆ పని అక్కడే పడి ఉంటుంది.

అలసట కోడ్ రాసేవాళ్లకే వస్తుందనుకోవద్దు. ట్రయాజ్ చేసేవాళ్లకీ, జవాబులు చెప్పేవాళ్లకీ వస్తుంది, ముఖ్యంగా కోపంగా రాసేవాళ్లతో రోజూ మాట్లాడాల్సి వచ్చినప్పుడు. వారానికి ఇంత అని ఒక హద్దు పెట్టుకోండి. కుబర్నెటీస్ అనే ప్రాజెక్టులో, కొత్త వెర్షన్ విడుదల చూసుకునే రిలీజ్ బృందంలో ప్రతి బాధ్యతకీ పక్కన 'షాడో'లని పెడతారు, డాక్యుమెంటేషన్, ప్రకటనలు చూసేవాళ్లకి కూడా. వాళ్లు పక్కనుంచి చూసి నేర్చుకుని తర్వాతి విడతలో ఆ పని అందుకుంటారు. మీ ప్రాజెక్టులో అలాంటి ఏర్పాటు లేకపోతే మీరే ఒకరిని వెతుక్కుని నేర్పించడం మొదలుపెట్టండి. మానేయాలనిపించిన రోజు చెప్పి మానేయండి. మీ దగ్గరున్న లాగిన్లు, సగంలో ఉన్న రిపోర్టులు, మీకు మాత్రమే తెలిసిన చిన్న చిన్న సంగతులు ఒక పేజీలో రాసి, ఆ పని అందుకునే మనిషి పేరు పైన పెట్టండి.